1/6 స్కేల్ ఎక్స్‌ట్రా 300: కట్టుడు, డిటేలింగ్, బరువు లెక్క

చెల్కగాలి (జడ్చర్ల)
విన్యాసాలు చేసే ఎక్స్‌ట్రా 300 విమానం మోడల్‌ను ఆరో వంతు స్కేల్ల కడుతున్న, ఎలక్ట్రిక్. ఒరిజినల్ రెక్క 8 మీటర్లు, పొడవు 7.12 మీటర్లు. ఆరుతో భాగిస్తే రెక్క 1333 మి.మీ., పొడవు 1187 మి.మీ. ఫ్యూజిలాజ్‌కు (మొండానికి) 3 మి.మీ. లైట్ ప్లై ఫార్మర్లు (అడ్డ చట్రాలు), బాల్సా (తేలిక చెక్క) లాంజెరాన్లు (పొడుగు కడ్డీలు). రెక్కలకు థర్మోకోల్ కోర్, దాని మీద 1.5 మి.మీ. బాల్సా షీటు. రూట్ కార్డ్ (మొదట్ల రెక్క వెడల్పు) 300, టిప్ కార్డ్ (చివర వెడల్పు) 145 మి.మీ. బ్యాటరీతో కలిపి 1600 గ్రాములు దాటొద్దని అనుకుంటున్న.

లూప్ (నిలువు చుట్టు), రోల్ (పక్కకు దొర్లుడు), స్నాప్ (విసురుగ తిరిగే రోల్) శుభ్రంగ రావాలె. కింద పెట్టినప్పుడు దగ్గరికొచ్చి చూసినోళ్లు కూడా ఎక్స్‌ట్రా అని ఒప్పుకోవాలె. కాక్‌పిట్, పైలట్, వీల్ ప్యాంట్లు (చక్రాల తొడుగులు), రెక్క చివర త్రిభుజం, అన్నీ పెడదామని ఉన్నది. బరువు ఎక్కడ తప్పుతదో ముందే చెప్పుండ్రి.

బాల్సాబాబాయ్ (నల్గొండ)
మీ కార్డ్‌ల సగటు 222.5. దాన్ని 1333తో గుణిస్తే రెక్క వైశాల్యం 29.7 చదరపు డెసిమీటర్లు. ఒరిజినల్‌ది 10.7 చదరపు మీటర్లు, 36తో భాగించినా అదే 29.7. ప్లాన్ సరిగ్గానే ఉంది. 1600 గ్రాములకు లోడింగ్ (రెక్క మోసే బరువు) చదరపు డెసిమీటరుకు 54 గ్రాములు పడుతుంది. ఏరోబాటిక్స్‌కు (విన్యాసాలకు) అది పై హద్దు, అంతకు మించితే ల్యాండింగ్ వేగం పెరిగి చెల్క నేలలో గేర్ (చక్రాల కాళ్లు) నిలవదు.

ముందుగా ఫొటోల సంగతి. 300లో రెక్క ఫ్యూజిలాజ్ మధ్యలో ఉంటుంది, 300ఎల్‌లో కిందికి దిగుతుంది. నెట్‌లో దొరికే ఫొటోల్లో ఎల్ రకమే ఎక్కువ. ఒకే విమానం ఫొటోలు ఏరుకుని గోడకు అంటించుకోండి. రెండు రకాలు కలిపితే కేనపీ (కాక్‌పిట్ మీది పారదర్శక మూత) ఒకదానిది, గేర్ ఒకదానిది అవుతుంది, తెలిసినవాళ్లు దూరం నుంచే పట్టేస్తారు.

తర్వాత బాల్సా. దుకాణానికి జేబు తూకం పట్టుకుపోండి. 1.5 మి.మీ. మందం, 100 మి.మీ. వెడల్పు, మీటరు పొడవున్న షీటు 16, 17 గ్రాములు ఉంటే రెక్కకు పనికొస్తుంది. అదే కొలతలో 30 గ్రాములది కూడా వస్తుంది, చూడ్డానికి తేడా ఉండదు. రెక్క పైనా కిందా కలిపి 6 షీట్లు పడతాయి, కోతలో పోయేదానికి ఇంకో రెండు తీసుకోండి. బరువు షీట్లు వాడితే ఇక్కడే 80 గ్రాములు పోయినట్టే. బరువువాటిని లాంజెరాన్లకు ఉంచుకోండి, వాటికి గట్టిదనమే కావాలి.

కొత్తరెక్క (దేవరకొండ)
బాబాయ్, షీటును థర్మోకోల్‌కు దేనితో అతికిస్తరు? ఫెవిక్విక్ పోస్తే గుంత పడుతుంది కదా.

బాల్సాబాబాయ్
ఫెవిక్విక్ తింటుంది. వడ్రంగులు లామినేట్‌కు వాడే పసుపు కాంటాక్ట్ గమ్ కూడా తింటుంది, అందులో సాల్వెంట్ ఉంటుంది. రెక్కకు లామినేటింగ్ ఎపాక్సీగానీ పాలియురేతేన్ గమ్‌గానీ వాడాలి. ఎపాక్సీ షీటు మీద పోసి పాత ఏటీఎం కార్డుతో గీకెయ్యండి. షీటు తడిగా మెరవాలి, చుక్కలుగా నిలవకూడదు. మిగిలిన జిగురంతా ఉత్త బరువే. పాలియురేతేన్ అయితే ఇంకా పల్చగా రాసి థర్మోకోల్ వైపు నీళ్ల తడి చూపించండి. అది నురగలా ఉబ్బుతుంది, పైన బరువు చాలకపోతే షీటును లేపేస్తుంది.

కోర్ కోయగా మిగిలిన పై పెంకు, కింది పెంకు పారెయ్యకండి. షీటు పెట్టిన రెక్కను వాటి మధ్యే ఉంచి, చదునైన గ్రానైట్ మీద 20 కిలోల దాకా బరువెత్తి రాత్రంతా వదలండి. బల్ల వంకర ఉంటే రెక్క వంకర వస్తుంది. ఆరాక వంకర తీయడం షీటు రెక్కలో దాదాపు కుదరదు.

మన దగ్గర ఏప్రిల్, మేలో ఇంకో తంటా. 30 నిమిషాల ఎపాక్సీ అని డబ్బా మీద రాసింది 25 డిగ్రీల దగ్గర లెక్క. ప్రతి 10 డిగ్రీలకు టైం సగం అవుతుందనుకోండి. 40 దాటిన మధ్యాహ్నం 10 నిమిషాలు దొరికితే ఎక్కువ. తెల్లారుజామున పని పెట్టుకోండి. కలిపింది గిన్నెలో కుప్పగా ఉంచితే తన వేడికి తానే ఉడికిపోతుంది, వెంటనే వెడల్పు పళ్లెంలో పరిచెయ్యాలి.

ఇన్వర్టెడ్_మిర్యాలగూడ
బాబాయ్ చెప్పిన వంకర ముచ్చటకు ఇంకోటి కలుపుత. ఒరిజినల్‌ల ఎయిర్‌ఫాయిల్ (రెక్క అడ్డకోత ఆకారం) సిమెట్రికల్, రెక్క ఇన్సిడెన్స్ (మొండెంతోని కోణం) సున్న. మోడల్‌ల గూడ రెక్క సున్న, స్టాబిలైజర్ (తోక దగ్గరి చిన్న రెక్క) సున్న పెట్టాలె. ట్రైనర్ (నేర్చుకునే విమానం) అలవాటుతోని రెక్కకు ఒకటిన్నర డిగ్రీ ఎత్తిస్తే తలకిందుల పోయేటప్పుడు ఎలివేటర్ (ముక్కును పైకి, కిందికి తిప్పే తోక పలక) మస్తు నెట్టాల్సొస్తది. రెండు రెక్కల నడుమ అర డిగ్రీ తేడా ఉన్నా ఎయిలెరాన్ (రెక్క వెనకంచుకు కదిలే పలక) ట్రిమ్ (నిలకడకు సర్దుబాటు) అవసరం పడుతది. ఆ ట్రిమ్ ఒక్క వేగానికే కుదురుతది. నిలువుగ ఎక్కేటప్పుడు వేగం తగ్గంగనే విమానం పక్కకు తిరుగుతది. ఇన్సిడెన్స్ మీటర్ లేకుంటే ఫోన్‌ల లెవెల్ యాప్ పెట్టి, స్ట్రెయిట్ ఎడ్జ్‌ను రూట్ దగ్గర ఒకపారి, టిప్ దగ్గర ఒకపారి ఆనిచ్చి చూడుండ్రి.

సీజీ (విమానం బరువు సమంగ తూగే చోటు) లెక్క మీ కొలతలకే చేసిన. మీన్ ఏరోడైనమిక్ కార్డ్ (సీజీ లెక్కకు వాడే రెక్క వెడల్పు, మామూలు సగటు కాదు) 231 మి.మీ., అది మధ్య గీత నుంచి 295 మి.మీ. బయట పడుతది. గక్కడ లీడింగ్ ఎడ్జ్ (రెక్క ముందంచు) నుంచి వెనకకు 25 శాతం అంటే 58 మి.మీ., 30 అంటే 69, 33 అంటే 76. తొలి ఫ్లైట్‌కు 62 దగ్గర ఆపుండ్రి. రూట్ దగ్గర కొలిచి ఇదే అంకె పెట్టొద్దు. లీడింగ్ ఎడ్జ్ వెనకకు వాలుంటది, ఆ వాలు మీ ప్లాన్ మీదనే కొలుసుకోవాలె.

సోల్డర్_పొగ (వనపర్తి)
పవర్ సంగతి. 4 సెల్ 2600 బ్యాటరీ, 800 కేవీ (వోల్టుకు నిమిషానికి 800 చుట్లు) దరిదాపు 150 గ్రాముల మోటారు, 13×6.5 అంగుళాల ప్రొపెల్లర్, 60 ఆంపుల ఈఎస్‌సీ (మోటారు వేగం అదుపు చేసేది). ఫుల్ థ్రాటిల్‌కు 45 ఆంపులు, సుమారు 650 వాట్లు. కిలోకు 400 వాట్లు పడ్డట్టు, నిలువుగా ఆగకుండా ఎక్కుతుంది. సగటున 20 ఆంపులు తాగితే 80 శాతం ఖర్చుకు 6 నిమిషాలు. టైమర్ 5కు పెట్టండి.

స్కేల్ పిచ్చోళ్లకు ఒక సంతోషం: ఈ రకం విమానాలకు వేసే మూడు బ్లేడ్ల ఎంటీ ప్రొపెల్లర్ వ్యాసం 2 మీటర్లు. ఆరో వంతు 333 మి.మీ., అంటే 13.1 అంగుళాలు. సైజు దానంతట అదే కుదిరింది. మూడు బ్లేడ్లు పెట్టి ఎగరాలంటే మాత్రం 12 అంగుళాలకు దిగండి. 13 మూడు బ్లేడ్లది పెడితే కరెంటు 60 దగ్గరికి పోయి ఈఎస్‌సీ కట్ కావచ్చు. నా మాటైతే రెండు బ్లేడ్లతో ఎగరండి, మూడు బ్లేడ్లది ఫొటోకు.

ఈఎస్‌సీలో ఉండే బీఈసీ (రిసీవర్‌కు, సర్వోలకు కరెంటు ఇచ్చేది) మీద ఆధారపడొద్దు. 4 సెల్ మీద లీనియర్ బీఈసీ వేడెక్కి ఆగితే సర్వోలు (పలకలను కదిపే చిన్న మోటార్లు), రిసీవర్ రెండూ ఆగిపోతాయి. విడిగా 5 ఆంపుల స్విచింగ్ బీఈసీ, 15 గ్రాములు. ఎర్ర వైరు ఈఎస్‌సీ ప్లగ్‌లోంచి తీసి టేప్ చుట్టండి.

కౌల్‌లో (మోటారు మీది ముక్కు తొడుగులో) గాలి లోపలికొచ్చే బొక్క కన్నా బయటికి పోయేది రెండింతలైనా ఉండాలి. అందరూ ముందర పెద్దగా కోసి వెనక మూసేస్తారు. గాలి నిలబడిపోతుంది, మే నెలలో ఈఎస్‌సీని ముట్టుకోలేరు.

కొత్తరెక్క
సర్వోలకు 9 గ్రాముల నీలం ప్లాస్టిక్ గేర్లవి నడుస్తయా అన్నా? నాలుగు కలిపినా ఒక్క మంచిదాని రేటు.

సోల్డర్_పొగ
నడుస్తాయి. ఎగురుతుంది కూడా.

ఇన్వర్టెడ్_మిర్యాలగూడ
ఎగురుడు వేరు, గీత గీసినట్టు ఎగురుడు వేరు తమ్మీ. వాటి తిప్పలు బలం కాదు, సెంటరింగ్. స్టిక్ వదిలితే ఒకపారి ఒక దిక్కు, ఇంకోపారి ఇంకో దిక్కు ఆగుతది. నాలుగు పాయింట్ల రోల్‌ల (దొర్లుతూ నాలుగు చోట్ల ఆగే రోల్) ప్రతి పాయింట్ దగ్గర రెక్క జారుతది. గేర్ల సందు ఎక్కువుంటే ఎయిలెరాన్ వణుకుడు షురూ అయితది. మెటల్ గేర్ డిజిటల్, 17 గ్రాముల క్లాస్, 2.5 నుంచి 3 కిలోలు లాగేవి ఎయిలెరాన్లకు, ఎలివేటర్‌కు పెట్టుండ్రి. రడ్డర్‌కు (ముక్కును పక్కకు తిప్పే తోక పలకకు) కావాలంటే తక్కువది పెట్టుకోండి.

హింజ్ (పలక కీలు) సందు గూడ టేప్‌తోని మూయాలె. ఎయిలెరాన్‌ను పూర్తిగ పైకి వంచి, కింది దిక్కు సందుల పారదర్శక టేప్ అతికిస్తే అయిపాయె. అర మి.మీ. సందు మూస్తే రోల్ రేట్ తెలిసేంత పెరుగుతది, వణుకుడు తగ్గుతది. గాలిల బర్ర్‌మని శబ్దం వస్తే వెంటనే థ్రాటిల్ సున్న. డైవ్‌ల ఉంటే మెల్లగ లేపాలె, గట్టిగ లాగొద్దు.

చెల్కగాలి
రెండు పోస్టులల్లనే నా కర్చు డబుల్ చేసిండ్రు. సరే. ఇగ కాక్‌పిట్, వీల్ ప్యాంట్లు, పైలట్ సంగతి?

రంగులరాట్నం (మహబూబ్‌నగర్)
పైలట్‌ను వెనక సీట్లో కూర్చోబెట్టాలి. 300 రెండు సీట్లది, ఒక్కరే ఉంటే నడిపేది వెనక నుంచే. ముందు సీట్లో ఒక్క బొమ్మ పెట్టిన మోడళ్లు బోలెడు కనిపిస్తాయి, అది చూడగానే తెలిసిపోయే తప్పు. ముందు సీటు ఖాళీగా, బెల్టులు బిగించి కనిపించాలి.

ఆరో వంతు బొమ్మలు మార్కెట్‌లో ఉన్నాయి, 12 అంగుళాల ఫ్యాషన్ బొమ్మలు దాదాపు ఈ స్కేలే. బొమ్మ మొత్తం పెడితే బరువు. నడుము పైభాగం చాలు, అది కూడా లోపల డొల్ల చేసి. ఇంకా నయం థర్మోకోల్ చెక్కి, పల్చని కాగితం తెల్ల ఫెవికాల్‌తో అతికించి అక్రిలిక్ వేస్తే 12 గ్రాముల్లో తేలుతుంది. తలను పది డిగ్రీలు ఎడమకు తిప్పండి. ఏరోబాటిక్ పైలట్ చూపు ముక్కు మీద కాదు, రెక్క చివర మీద ఉంటుంది.

ప్యానెల్‌కు 0.5 మి.మీ. ప్లాస్టిక్ షీటు. 1/6లో 80 మి.మీ. ఆల్టీమీటర్ 13 మి.మీ. అవుతుంది. డయళ్లు ఫొటో కాగితం మీద ప్రింట్, పైన పారదర్శక షీటు బిళ్లలు. ఏరోబాటిక్ కాక్‌పిట్‌కు గుర్తు ఒక్కటే: జీ మీటర్ (విన్యాసంలో బరువు ఎన్ని రెట్లు అయిందో చూపేది), దాని పక్కన అరెస్టి గుర్తులున్న (విన్యాసాలను గీతల్లో రాసే గుర్తులు) ప్రోగ్రామ్ కార్డు. ఆ కార్డు గోరంత కాగితం, బరువు లేదు, కానీ చూసేవాళ్ల కన్ను ముందు దాని మీదే పడుతుంది. సీట్ బెల్టులకు బ్లౌజు కుట్టే 6 మి.మీ. రిబ్బన్, బకిల్స్‌కు కూల్‌డ్రింక్ క్యాన్ రేకు.

బాల్సాబాబాయ్
కాక్‌పిట్ సీజీకి దగ్గరే కాబట్టి అక్కడి 50 గ్రాములు బ్యాలెన్స్‌ను పెద్దగా చెడగొట్టవు. తోక దగ్గర అలా కాదు. సీజీ నుంచి తోక చక్రం 750 మి.మీ. వెనక, బ్యాటరీ 150 మి.మీ. ముందు ఉందనుకోండి. తోకలో 10 గ్రాములు పెరిగితే ముందు 50 గ్రాములు పెట్టాలి. మొత్తం 60. అందుకే తోక వైపు రంగు పొరలు, పుట్టీ, మెటల్ తోక చక్రం, బరువు హింజ్‌లు ఏవీ వద్దు. సాండ్‌పేపర్ పని తోక నుంచి మొదలుపెట్టండి.

బరువు పట్టీ ఇలా ఉండొచ్చు: కవరింగ్ (పైన ఇస్త్రీతో అతికించే ఫిల్మ్) వేయకముందు చట్రం 600, కవరింగ్ 110, మోటారు 150, ఈఎస్‌సీ బీఈసీ 75, సర్వోలు నాలుగు 70, బ్యాటరీ 280, ప్రొపెల్లర్, దాని మధ్య మూతి స్పిన్నర్ 60, గేర్ చక్రాలు 120, రిసీవర్ వైర్లు 40, కేనపీ 40, కాక్‌పిట్ 55. కూడితే 1600. మిగులు లేదు. ఏదైనా కొత్తది పెట్టాలనుకుంటే ముందు ఏది తీస్తారో రాసుకోండి.

కొత్తరెక్క
స్పిన్నర్, వీల్ ప్యాంట్లు, ప్యానెల్ త్రీడీ ప్రింట్ చేయిస్తే సులువు కదా? హైదరాబాద్‌ల పీఎల్ఏ ప్లాస్టిక్‌తో చేసిస్తున్నరు.

రంగులరాట్నం
పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మేలో ఎండలో నిలిపిన కారులో, మూసిన కేనపీ కింద ఆ వేడి సులువుగా వస్తుంది. ప్యానెల్ వంగి ముందుకు వాలుతుంది, వీల్ ప్యాంట్ స్క్రూ బొక్కలు సాగుతాయి. ప్రింటే కావాలంటే పీఈటీజీ లేదా ఏబీఎస్ అడగండి. ముదురు రంగు వద్దు. కేనపీ మూతకు వెనక వైపు కనిపించని చోట 5 మి.మీ. గాలి రంధ్రం పెట్టండి.

సోల్డర్_పొగ
స్పిన్నర్ ఏ ప్లాస్టిక్‌తోనూ ప్రింట్ చెయ్యొద్దు. అది నిమిషానికి 9 వేల చుట్లు తిరుగుతుంది. పొరల మధ్య ఊడితే ముక్క ఎవరి కంటికి పోతుందో తెలియదు. అచ్చులో పోసిన నైలాన్‌దిగానీ, లోహపు బ్యాక్‌ప్లేట్ ఉన్నదిగానీ కొనండి.

ఆ కారులోనే బ్యాటరీలు కూడా ఉంటాయని మర్చిపోవద్దు. 60 డిగ్రీలకు లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ఉబ్బుతుంది. ఎగరని రోజుల్లో సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచండి, ఫుల్ చార్జ్‌తో వేసవిలో వారం పెడితే దాని పని అయిపోయినట్టే.

చెల్కగాలి
థ్రస్ట్ లైన్ (మోటారు వాలు) ఎంత పెట్టాలె? ప్లాన్‌ల ఏం రాయలేదు.

ఇన్వర్టెడ్_మిర్యాలగూడ
కుడికి 2 డిగ్రీలు, కిందికి సున్న. మౌంట్ బోల్టుల నడుమ 40 మి.మీ. ఉంటే, వెనక నుంచి చూసినప్పుడు ఎడమ దిక్కున్న రెండు బోల్టుల కింద 1.4 మి.మీ. వాషర్లు. మోటారు కుడికి వాలినంక షాఫ్ట్ కొన కుడికి జరుగుతది. ఫైర్‌వాల్ (మోటారు బిగించే ముందు పలక) నుంచి ప్రొపెల్లర్ దాక 90 మి.మీ. అయితే 3 మి.మీ. జరుగుతది. కాబట్టి మౌంట్‌నే ముందుగాల 3 మి.మీ. ఎడమకు పెట్టాలె. గిది చెయ్యకుంటే స్పిన్నర్ కౌల్ నడుమ కూర్చోదు, మొత్తం ముక్కు వంకర కనిపిస్తది.

త్రోలు (పలకలు కదిలే కోణాలు): మామూలు రేట్‌కు ఎయిలెరాన్ 15 డిగ్రీలు, ఎలివేటర్ 12, రడ్డర్ 25, ఎక్స్‌పో (స్టిక్ నడుమ మెత్తదనం) 30 శాతం. 60 మి.మీ. వెడల్పు ఎయిలెరాన్‌కు 15 డిగ్రీలంటే వెనకంచు దగ్గర 15.5 మి.మీ. స్కేలుతోని కొలుసుండ్రి, కంటి అందాజ వద్దు. ఎలివేటర్ ఎక్కువ పెడితే లూప్ పైభాగంల గట్టిగ లాగంగనే స్నాప్ అయితది. జనం ఎయిర్‌ఫాయిల్‌ను తిడుతరు, తప్పు త్రోది.

బాల్సాబాబాయ్
కవరింగ్ అయ్యాక, ఎగరకముందు రెక్క బలం చూడాలి. విమానాన్ని తలకిందులు చేసి ఫ్యూజిలాజ్‌ను మెత్తని దిండ్ల మీద ఉంచండి. ఒక్కో రెక్క మీద ఆరు కిలో ఉప్పు ప్యాకెట్లు: రూట్ వైపు మూడు, మధ్యలో రెండు, చివర ఒకటి. రెండు రెక్కలూ ఒకేసారి ఎక్కించాలి. టిక్ టిక్‌మని చప్పుడు వస్తే స్పార్ (రెక్క లోపలి వెన్నుకడ్డీ) గమ్ సరిగ్గా పట్టలేదన్నమాట.

సోల్డర్_పొగ
12 కిలోలంటే 1.6తో భాగిస్తే ఏడున్నర జీ. ఏరోబాటిక్స్‌కు తక్కువ కాదా బాబాయ్?

బాల్సాబాబాయ్
రెక్క బరువును రెక్క తనంతట తానే మోసుకుంటుంది, అది రూట్ దాకా రాదు. రెక్కలు, వాటిలోని సర్వోలు కలిపి 400 తీస్తే రూట్ మీద పడేది 1200 గ్రాముల భారమే. 12 కిలోలకు 10 జీ. ఒరిజినల్‌కు ఒక్క పైలట్‌తో ఉన్న హద్దు కూడా ప్లస్ మైనస్ 10 జీయే. ఇంతకన్నా బలంగా కట్టడమంటే ఊరికే బరువు పెంచుకోవడమే.

రంగులరాట్నం
కవరింగ్ మాట వచ్చింది కాబట్టి. షీటు కింద థర్మోకోల్ ఉంది, ఇస్త్రీ మరీ వేడిగా ఆపితే బాల్సా కిందే కరిగి సొట్ట పడుతుంది. రెక్క మీద 110, 120 డిగ్రీలు దాటొద్దు, తక్కువ వేడికి అతికే ఫిల్మ్ తీసుకోండి. 150 దాకా పోవడం తోక, ఫ్యూజిలాజ్ వెనక భాగం లాంటి ఖాళీ చట్రం మీదే.

ఒరిజినల్‌లో ఫ్యూజిలాజ్ ఉక్కు గొట్టాల చట్రం, దాని మీద అల్యూమినియం, గుడ్డ. రెక్క పైతోలు కార్బన్ కాంపోజిట్. అంటే రెక్క మీద రివెట్లు గీయకండి, అక్కడ ఏమీ ఉండవు. స్క్రూ తలలు ముందు రేకుల మీదే. 6 మి.మీ. తల మనకు 1 మి.మీ. సన్న సూది ఉన్న సిరంజిలో తెల్ల ఫెవికాల్ నింపి చుక్కలు పెడితే ఆరాక సరిగ్గా స్క్రూ తలంత ఎత్తుకు దిగుతాయి. రేకుల గీతలు 0.5 పెన్సిల్‌తో గీసి మ్యాట్ క్లియర్ కొట్టండి. నల్ల పెన్ను గీత మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఫిల్మ్ మీద ఫిల్మ్ వేసేటప్పుడు అద్దాలు తుడిచే లిక్విడ్ కొట్టి, జరిపి, కార్డుతో గీకి నీళ్లు బయటికి తోసి రాత్రి వదిలెయ్యండి. ఇస్త్రీ పెడితే బుడగలే. అడుగున పైదానికి పూర్తి భిన్నంగా ముదురు చారలు ఉండాలి. మన తెల్లటి మధ్యాహ్నపు ఆకాశంలో లేత రంగు అడుగు కరిగిపోయి, విమానం బోర్లా ఉందో వెల్లకిలా ఉందో అర్థం కాదు.

చెల్కగాలి
చక్రాలు 60 మి.మీ. పెట్టాలనుకుంటున్న, ఒరిజినల్ టైరుకు ఆరో వంతు అంతే వస్తది.

ఇన్వర్టెడ్_మిర్యాలగూడ
సిమెంటు రన్‌వేకు అది. వరి కొయ్యకాళ్లల్ల, చెల్కల 75 లేకుంటే ముక్కు మీద పడుతది. ఎండిన చెరువు శిఖంల నల్లమట్టి పర్రెలు ఉంటయి, 60 చక్రం దాంట్ల దిగవడుతది. పత్తి కట్టె కోసిన చేను అసలే వద్దు, మోళ్లు రెక్క అడుగును చీరుతయి. 75 పెట్టి, ప్యాంట్లు తీసిపెట్టి ఎగరాలె. ప్యాంట్‌కు రెండు స్క్రూలు, నడుమ సిలికాన్ వాషర్. గట్టిగ అతికిస్తే మొదటి ల్యాండింగ్‌కే ఫైబర్ చీలుతది.

జాగ ఎంచుకునేటప్పుడు బోర్ మోటార్లకు పోయే 11 కేవీ (11 వేల వోల్టుల) కరెంటు తీగలు ఏ దిక్కున్నయో చూసి, ఎగిరే బాక్స్ (విమానం తిరిగే జాగ) ఇంకో దిక్కు పెట్టుకోండి. డిజిటల్ స్కై మ్యాప్‌ల (డ్రోన్లకు సర్కారు పెట్టిన మ్యాప్) ఆ ఊరు గ్రీన్ జోన్‌ల ఉందో లేదో చూడాలె. ఉంటే 120 మీటర్ల లోపు, కంటికి ఆనేంత దూరమే.

ట్రిమ్‌కు వస్తే, సీజీ 62తోని లేచినంక 45 డిగ్రీల ఎక్కుడు గీతల తలకిందులు చేసి ఎలివేటర్ వదిలి చూడుండ్రి. ముక్కు మెల్లగ నేల దిక్కు వాలితే బాగున్నది. వెంటనే పడిపోతే బ్యాటరీ 5 మి.మీ. వెనకకు. ఆకాశం దిక్కు ఎగబాకితే ముందుకు, అదే రోజు, ఇంకో ఫ్లైట్ లేపకముందే.

చెల్కగాలి
చివరిది, టిప్ మీది త్రిభుజం. ఎంత సైజు, దేనితోని?

రంగులరాట్నం
సైటింగ్ ఫ్రేమ్ అది, పైలట్ 45 డిగ్రీల గీతలు, నిలువు గీతలు దాన్ని హోరిజాన్‌తో కలిపి చూసుకుంటాడు. ఒక్కో విమానానికి ఒక్కో ఆకారం ఉంటుంది. మీ ఫొటోలో టిప్ కార్డ్‌తో పోల్చి కొలవండి, మీకు టిప్ 145 అని తెలుసు కాబట్టి నిష్పత్తి దొరుకుతుంది. 1.5 మి.మీ. కార్బన్ కడ్డీ, మూలలకు దారం చుట్టి సన్నటి సీఏ (ఫెవిక్విక్ లాంటి గమ్). ఉక్కు తీగ వద్దు, బరువు.

ఎడమ చివర ఒక్కటే పెడితే 4 గ్రాములైనా మధ్య గీత నుంచి 660 మి.మీ. దూరంలో పనిచేస్తుంది. స్పిన్నర్‌కు, తోక చక్రానికి దారం కట్టి విమానాన్ని వేలాడదీసి చూడండి, ఎడమ రెక్క దిగుతుంది. కుడి చివర లోపల అంతే సీసం పెట్టాలి, లేదంటే ఎగిరేటప్పుడు తీసెయ్యాలి. తీసేదే మేలు, గాలి పట్టి ముక్కును కూడా అటు లాగుతుంది. టిప్‌లో 2 మి.మీ. లోపలి వ్యాసమున్న గొట్టం రెండు చోట్ల దించి, అడుగున 5×2 అయస్కాంతం పెట్టండి; కార్బన్‌ను అయస్కాంతం పట్టదు కాబట్టి కడ్డీ కొసకు చిన్న ఉక్కు ముక్క అతికించండి. దానికన్నా పెద్ద అయస్కాంతం పెడితే లాగేటప్పుడు గొట్టంతో పాటు షీటు కూడా లేచొస్తుంది.